లెక్క చెప్పని త్యాగం

క్రైస్తవ శిష్యరికానికి మొదటి షరతు తన్ను తాను ఉపేక్షించుకోవడం. మార్కు సువార్త 8వ అధ్యాయంలో యేసు ఈ సంగతి పన్నెండుమంది శిష్యులకే చెప్పి ఊరుకోలేదు, జనసమూహాన్ని కూడా దగ్గరికి పిలిచి చెప్పాడు. లూకా 9వ అధ్యాయం ప్రకారం సిలువ ఎత్తుకోవడం ఒక్కసారితో తీరే పని కాదు, ప్రతిరోజూ ఉండేదే. ఈ షరతు విషయంలో తెలుగు సంఘాల్లో ఎవరికీ పేచీ లేదు. దాన్ని నెరవేరుస్తున్నారో లేదో ఎవరు చూడాలన్న దగ్గరే మాట మారుతుంది. అది విశ్వాసికీ దేవునికీ మధ్య సంగతి, మూడో మనిషికి అక్కడ పని లేదన్నది ఇవాళ ఎక్కువమంది ఒప్పుకునే జవాబు. సేవకుల దగ్గరికి వచ్చేసరికి ఈ జవాబు ఇంకా బిగుసుకుంటుంది. దైవజనుడు లెక్క చెప్పాల్సింది దేవునికే, సంఘానికి అడిగే హక్కు లేదు, అడిగినవాడు అభిషిక్తుని మీద చెయ్యి ఎత్తినవాడితో సమానం అంటారు.

ఈ అభిప్రాయానికి ఊతం త్యాగమే. బంగారం లాంటి ఉద్యోగం వదిలి సేవలోకి వచ్చాడని సాక్ష్యం చెబుతారు. నలభై రోజులు ఉపవాసం ఉన్నాడని కరపత్రంలో వేస్తారు. తెల్లబట్టలు, నగల్లేని మెడలు, తెల్లవార్లూ సాగే ప్రార్థనలు కనిపిస్తూనే ఉంటాయి. వీటిలో అబద్ధం ఉండనక్కర్లేదు. చాలామంది నిజంగానే వదులుకున్నారు, నిజంగానే పస్తులున్నారు. అయితే ఇంత వదులుకున్నవాణ్ని ఇంకేం అడుగుతారన్న భావం వాటి వెంటే వచ్చి కూర్చుంటుంది. త్యాగం పెరిగే కొద్దీ లెక్క అక్కర్లేకుండా పోతుందన్నమాట.

ఈ వరస తలకిందులుగా ఉంది. తిండి, డబ్బు, పేరు వదులుకోవడం కష్టమే. వాటన్నిటికన్నా మనిషి గట్టిగా పట్టుకునేది ఇంకొకటుంది: తన విషయంలో తానే తీర్పరిగా ఉండే హక్కు. ఎంత తినాలో, ఎంత ఇవ్వాలో, ఎక్కడ తప్పు చేశాడో, ఆ తప్పు ఎంతటిదో తనకు తానే తేల్చుకునే మనిషి ఎన్ని వదిలినా ‘నేను’ను వదల్లేదు. పైగా ఒక్కో త్యాగం ఆ ‘నేను’ ఖాతాలోనే జమ అవుతుంది. ఆ హక్కును ఇంకొకరి చేతిలో పెట్టడంతోనే ఉపేక్ష మొదలవుతుంది. లెక్క ఒప్పజెప్పడాన్ని ఉపేక్షకు బయటినుంచి కట్టిన కంచెగా చూస్తారు గానీ, నిజానికి అది ఉపేక్షలోనే ఒక భాగం, బహుశా అన్నిటికన్నా కష్టమైన భాగం.

అభిషిక్తుల్ని ముట్టకూడదన్న మాట 105వ కీర్తనలోది. ప్రశ్న రాగానే బయటికి తీసే ఆయుధం ఇదే గనక దీన్ని నిదానంగా చూడాలి. ఆ కీర్తన మాట్లాడేది అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించి. వాళ్లు అప్పటికి గుప్పెడుమంది. సొంత భూమి లేక ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యానికి తిరిగే పరదేశులు. బలవంతులైన రాజులు ఆ నిరాధారుల మీద దౌర్జన్యం చేయకుండా దేవుడు అడ్డుపడ్డాడన్నదే కీర్తన సారం. వేలమంది ముందు వేదిక మీద నిలబడి, చేతిలో మైకూ వెనక మనుషుల బలగమూ ఉన్నవాడు తనను ఆ పరదేశుల వరసలో కలుపుకోవడం వింత. కొత్తగా సంఘంలో చేరి కానుకల లెక్క అడిగిన కూలి మనిషి ఈ పోలికలో ఫరో రాజు అయిపోతాడు.

ఆ కీర్తన వెనక ఉన్న కథ ఆదికాండం 20వ అధ్యాయంలో ఉంది. గెరారులో అబ్రాహాము తన భార్యను చెల్లెలని చెప్పి అబీమెలెకు రాజును చిక్కుల్లో పడేస్తాడు. దేవుడు కలలో రాజును హెచ్చరిస్తాడు, అబ్రాహామును ప్రవక్త అని కూడా చెబుతాడు. తెల్లవారగానే ఆ అన్యరాజు ప్రవక్తను పిలిపించి, తన రాజ్యానికి ఇంత ముప్పు ఎందుకు తెచ్చావని నిలదీస్తాడు. అబ్రాహాము తన భయాన్నీ, భార్యతో ముందే చేసుకున్న ఒప్పందాన్నీ బయటపెట్టి సమాధానం చెప్పుకుంటాడు. రాజును ఒక్క మాట అడగవద్దని దేవుడు అనలేదు. ముట్టకూడదన్న నియమం పుట్టిన చోటే అభిషిక్తుడికి ప్రశ్న ఎదురైంది, అతను జవాబూ ఇచ్చాడు.

దావీదు సౌలును చంపకుండా వదిలిన సంగతిని కూడా ఇదే వాదానికి వాడతారు. ఏన్గెదీ గుహలో దావీదు సౌలు మీద కత్తి ఎత్తలేదు, నిజమే. అయితే సౌలు గుహ దాటి వెళ్లాక దావీదు నోరు మూసుకొని కూర్చోలేదు. వెనకనుంచి కేకవేసి, కోసి ఉంచుకున్న అంగీ చెంగును రుజువుగా చూపిస్తూ, సైన్యం వింటుండగా రాజు చేస్తున్న అన్యాయాన్ని బయటపెట్టాడు. చంపకపోవడం వేరు, నిలదీయకపోవడం వేరు. ప్రసంగాల్లో మొదటి సగమే వినపడుతుంది. తర్వాత దావీదే అభిషిక్త రాజయ్యాడు, ఊరియా భార్య విషయంలో తప్పు చేశాడు, నాతాను ప్రవక్త సభలోకి వెళ్లి ఆ మనిషివి నువ్వేనని ముఖం మీదే చెప్పాడు. అభిషేకం ప్రశ్నకు అడ్డుగోడ అయి ఉంటే నాతాను ఇంట్లోనే ప్రార్థన చేసుకుంటూ ఉండేవాడు.

వీటన్నిటికన్నా సూటి ఉదాహరణ సమూయేలు. రాజును నియమించాక, ముసలితనంలో, మొదటి సమూయేలు 12వ అధ్యాయంలో ఆయన జనం ముందు నిలబడి తన మీద సాక్ష్యం చెప్పమని వాళ్లనే అడిగాడు. ఎవరి ఎద్దును తీసుకున్నాడు, ఎవరి గాడిదను తీసుకున్నాడు, ఎవరిని మోసగించాడు, ఎవరి దగ్గర లంచం పట్టాడు అని ఒక్కొక్కటే అడిగాడు. తీసుకొని ఉంటే తిరిగి ఇచ్చేస్తానన్నాడు. అక్కడ యెహోవానూ కొత్త రాజునూ సాక్షులుగా పిలిచాడు. దేవునికి లెక్క చెప్పడం, మనుషులకు లెక్క చెప్పడం ఆయన దృష్టిలో రెండు వేరువేరు పనులు కావు. జీవితమంతా తనకంటూ ఏమీ ఉంచుకోని ప్రవక్త ఇలా అడిగాడు. ఇంతకు నాలుగు అధ్యాయాల ముందు ఆయన కొడుకులే న్యాయాధిపతులుగా లంచాలు మేశారని ఉంది. తండ్రి నిష్ఠ వారసత్వంగా రాదని ఆ కుటుంబమే చూపించింది. తండ్రి తర్వాత కొడుకు, కొడుకు తర్వాత అల్లుడు అంటూ సంఘాల్ని ఇంటి ఆస్తిలా పంచుకునేచోట ఈ రెండు అధ్యాయాలూ కలిపి చదవడం అరుదు.

కొత్త నిబంధనలో ప్రశ్నను తోసిపుచ్చేవారికి నిజంగా పనికొచ్చేలా కనిపించేది ఒక్క చోటు ఉంది. మొదటి కొరింథీ పత్రిక 4వ అధ్యాయంలో పౌలు, సంఘం తనకు తీర్పు తీర్చడం తనకు చాలా అల్పమైన సంగతి అంటాడు. ఇక్కడితో ఆపేస్తే వాదం గెలిచినట్టే ఉంటుంది. వెంటనే ఆయన ఇంకో మాట చేరుస్తాడు: తనను తాను కూడా విమర్శించుకోడు, తనలో ఏ దోషమూ కనిపించకపోయినా అంతమాత్రాన తాను నిర్దోషి అయిపోడు. అంటే మనస్సాక్షి శుభ్రంగా ఉందన్న ధీమాతో తనకు తానే తీర్పరి అయ్యే దారిని పౌలు ఇక్కడే మూసేశాడు. ‘నా మనస్సాక్షికి తెలుసు’ అన్న సమాధానం ఆయన దృష్టిలో సమాధానమే కాదు. హెబ్రీ పత్రిక 13వ అధ్యాయంలో నాయకులకు లోబడమన్న వాక్యం కూడా ఇంతే. ఆ వాక్యంలోనే నాయకులు లెక్క ఒప్పజెప్పవలసినవారని ఉంది. మొదటి సగాన్ని గోడ మీద రాయించి రెండో సగాన్ని పుస్తకంలోనే వదిలేయడం వ్యాఖ్యానం అనిపించుకోదు.

డబ్బు విషయంలో పౌలు ఎంత జాగ్రత్తపడ్డాడో చూస్తే సందేహానికి చోటే ఉండదు. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం ఆయన మాసిదోనియ, అకయ ప్రాంతాల సంఘాల్లో చందా పోగుచేశాడు. ఆ డబ్బును ఒక్కడే పట్టుకెళ్లలేదు. సంఘాలు తామే ఎంచి పంపిన మనుషుల్ని వెంటపెట్టుకున్నాడు. రెండో కొరింథీ పత్రిక 8వ అధ్యాయంలో దానికి కారణం కూడా చెప్పాడు: ఇంత పెద్ద మొత్తం విషయంలో తన మీద ఎవరూ వేలెత్తి చూపకూడదు, ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలోనూ సవ్యంగా ఉండాలి. డేరాలు కుట్టుకొని బతికిన మనిషి, చాలాచోట్ల సంఘాల దగ్గర జీతం తీసుకోని మనిషి ఈ ఏర్పాటు చేసుకున్నాడు. త్యాగం ఉంది కాబట్టి లెక్క అక్కర్లేదని ఎవరైనా అనగలిగితే ఆ మాట మొదట పౌలు అనాలి. ఆయన అనలేదు.

కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదు కదా అన్నది ఇక్కడ వినిపించే ఎదురుమాట. కొండమీది ప్రసంగంలో ఆ మాట సొంత డబ్బుతో ధర్మం చేసేవాడికి చెప్పింది. ఇతరుల కానుకలు చేతిలో పెట్టుకున్నవాడికి అది వర్తించదు. ఇచ్చినవాడు రహస్యంగా ఉండాలి, పుచ్చుకున్నవాడు రసీదు ఇవ్వాలి. ఈ రెండింటినీ కలగలిపి, ఇచ్చినవాళ్ల పేర్లు మైకులో చదువుతూ ఖర్చుల పుస్తకం మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసే పద్ధతి చాలాచోట్ల స్థిరపడిపోయింది. విధవరాలి రెండు కాసుల కథ కానుకల వేళ వినని విశ్వాసి ఉండడు. మార్కు 12వ అధ్యాయంలో ఆ కథకు సరిగ్గా ముందున్న వచనాల్లో యేసు దీర్ఘ ప్రార్థనలు చేస్తూ విధవరాళ్ల ఇళ్లను మింగేసే శాస్త్రుల్ని గద్దించాడు. రెండూ ఒకే గుడి ఆవరణలో, ఒకదాని వెంట ఒకటిగా చెప్పినవి. కాసుల కథ వినిపించినన్ని సార్లు ఆ గద్దింపు వినిపించదు.

ఈ దేశ చట్టాన్ని చూసినా విడ్డూరం బయటపడుతుంది. విదేశీ విరాళం తీసుకునే సంస్థ 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం ప్రకారం ఏటా కేంద్ర హోంశాఖకు లెక్కల రిటర్ను దాఖలు చేయాలి, విరాళం రాని ఏడాది కూడా. సొసైటీగానో ట్రస్టుగానో నమోదైతే ఆడిటరు సంతకం, సభ్యుల జాబితా, ఆదాయపన్ను పత్రాలు ఉంటాయి. అంటే దేవునికే లెక్క చెబుతామనే సంస్థ హోంశాఖకు లెక్క చెబుతూనే ఉంది. లెక్క తెలియనిది ఆదివారం సంచిలో పది రూపాయలు వేసిన ముసలామెకు మాత్రమే. స్థలం సంఘం డబ్బుతో కొని పట్టా కాపరి పేరున ఉన్నచోట ఆమాత్రం కాగితం కూడా ఉండదు.

తీర్పు తీర్చకండి అన్న వాక్యం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మత్తయి 7వ అధ్యాయంలో ఆ భాగం తన కంటిలోని దూలాన్ని తీసుకున్నాక సహోదరుడి కంటిలోని నలుసును తీయమనడంతో ముగుస్తుంది. నలుసును అలాగే వదిలేయమని అక్కడ లేదు. అదే సువార్త 18వ అధ్యాయంలో తప్పు చేసినవాణ్ని మొదట ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరితో, చివరికి సంఘం ముందు అడగాలన్న వరస ఉంది. వరస ఉందంటేనే అడగడం ఉందని అర్థం.

సన్యాసాన్ని అతి తీవ్రంగా పాటించిన క్రైస్తవులే లెక్క విషయంలో అందరికన్నా గట్టిగా ఉన్నారన్నది చరిత్రలో చూడదగిన విషయం. 4వ శతాబ్దంలో కైసరయ బిషప్పు బాసిలు, ఏకాంతంలో ఒంటరిగా తపస్సు చేసే పద్ధతిని తన నియమావళిలో తప్పుపట్టాడు. ఒంటరిగా ఉండేవాడికి తన లోపం చెప్పేవాళ్లుండరు, వినయం చూపడానికి ఎదుట మనిషే ఉండడు, ఎవరి పాదాలు కడుగుతాడని ఆయన ప్రశ్న. 6వ శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్టు రాసిన నియమం సన్యాసి నుంచి పూర్తి విధేయత అడుగుతుంది. అదే నియమం ముఖ్యమైన పని వచ్చినప్పుడు మఠాధిపతి అందర్నీ, చిన్నవాళ్లను సైతం, పిలిచి అభిప్రాయం వినాలంటుంది. అసాధ్యమైన పని అప్పగిస్తే తన అశక్తతను విన్నవించుకునే వీలు సన్యాసికి ఇస్తుంది. ప్రతి ఆత్మ విషయంలో తాను లెక్క చెప్పాల్సి ఉందని మఠాధిపతికి పదేపదే గుర్తుచేస్తుంది.

ఆ నియమాన్ని ఇంకా కఠినంగా పాటించాలని 1098లో సీతో మఠంలో మొదలైన సిస్టర్షియన్లు మరో అడుగు వేశారు. 1119లో పోపు ఆమోదం పొందిన వాళ్ల ఒడంబడిక ప్రకారం తల్లి మఠాధిపతి ఏటా పిల్ల మఠాలను తనిఖీ చేయాలి, మఠాధిపతులంతా ఏటా ఒకచోట కూడి ఒకరి తప్పులు ఒకరు సరిచేసుకోవాలి. అన్నిటికీ మూలమైన సీతో మఠానికి పైన ఎవరూ లేరు గనక దాన్ని తనిఖీ చేసే పని దాని పిల్ల మఠాల అధిపతులకే అప్పగించారు. ముతక బట్టలు కట్టి, మాంసం మాని, రాత్రి లేచి ప్రార్థించే మనుషులు తమ త్యాగమే తమకు సాక్ష్యం అనుకోలేదు.

మెథడిస్టు ఉద్యమంలో ఈ లెక్క అడిగే పద్ధతి అనుకోకుండా దొరికింది. 1742 ఫిబ్రవరిలో బ్రిస్టల్‌లోని ప్రార్థనా మందిరం మీది అప్పు ఎలా తీర్చాలని ఆ ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ అనుచరులు ఆలోచిస్తుంటే, ఫాయ్ అనే మాజీ ఓడ కెప్టెన్ వారానికి తలా ఒక పెన్నీ ఇవ్వమన్నాడు. ఇవ్వలేని పేదల్ని తన వంతులో వేయమన్నాడు, వాళ్లది తాను కడతానన్నాడు. పన్నెండుమందికి ఒకరు చొప్పున పెన్నీలు వసూలు చేయడానికి ఇంటింటికీ తిరిగారు. తిరిగినవాళ్లకు ఎవరు తాగి పడున్నారో, ఎవరు భార్యను కొడుతున్నారో కళ్లబడింది. డబ్బు వసూలుకు పుట్టిన ఏర్పాటు ఆత్మల ఆరా తీసే ఏర్పాటుగా మారింది. క్లాస్ మీటింగ్ అన్నది అలా వచ్చింది. వసూలు చేసినవాడు కూడా ప్రతివారం ఆ డబ్బును కోశాధికారులకు లెక్కగట్టి అప్పజెప్పాలి. హైదరాబాదు, మెదక్ ప్రాంతాల్లో పాతుకొని తర్వాత దక్షిణ ఇండియా సంఘంలో కలిసినది ఈ వెస్లియన్ ధారే. అయితే వెస్లీ తన సొంత అధికారాన్ని మాత్రం ఎవరి తనిఖీకీ వదల్లేదు. ఆయన పోయాక ఆ అధికారం కాన్ఫరెన్సులోని బోధకుల చేతికొచ్చింది. పాలనలో సామాన్య సభ్యులకూ చోటు ఇవ్వాలన్న అలెగ్జాండర్ కిల్హామ్‌ను 1796లో బహిష్కరించారు, మరుసటి ఏడాదే చీలిక వచ్చింది. కిందివాళ్లకు ప్రశ్నల పట్టిక, పైవాళ్లకు మినహాయింపు అన్న జబ్బు ఎంత మంచి ఉద్యమాన్నైనా అంటుకుంటుంది.

తెలుగు నేల మీద సామాన్యుల ఉపేక్ష ఎలా ఉండేదో ఒంగోలు చరిత్ర చెబుతుంది. 1876–78 కరువు రోజుల్లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు ముగిసేదాకా బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు అన్నవి వాళ్లకు పెట్టిన షరతులు. ఊళ్లో చచ్చిన గొడ్డు మీద హక్కుతోనూ, జాతరలో డప్పుతోనూ బతుకు ముడిపడి ఉన్న జనానికి ఇవి మాటలు కావు. డప్పు కొట్టనన్నందుకు పని పోయేది, దెబ్బలు పడేవి. ఆ త్యాగం గదిలో తలుపు వేసుకొని చేసింది కాదు. పల్లె మొత్తానికి కనబడేది, తోటివాళ్లు అడిగేది, తప్పితే వెంటనే తెలిసేది. వాళ్ల వారసులకు ఇవాళ మూడో మనిషికి పనిలేదని బోధించేవాళ్లు అదే సంఘాల్లోంచి వచ్చారు.

సొంతంగా పెట్టుకొని సొంతంగా చూసుకునే నిష్ఠ ఎక్కడికి దారితీస్తుందో రవి జకరియాస్ ఉదంతం చెప్పింది. 1946లో మద్రాసులో పుట్టి, 1984లో తన పేరుతో అంతర్జాతీయ సంస్థ స్థాపించి, క్రైస్తవ విశ్వాస సమర్థకుడిగా ప్రపంచమంతా తిరిగిన వక్త ఆయన. 2017లో ఒక మహిళతో అనుచిత సందేశాల ఆరోపణ వచ్చినప్పుడు, భార్య, కూతుళ్లు తప్ప పరాయి స్త్రీతో ఒంటరిగా ఉండకూడదన్న నియమం తనకు ఏళ్లుగా ఉందని ప్రకటించాడు. సంస్థ నమ్మింది, వెనక నిలబడింది. 2020 మేలో ఆయన చనిపోయాక, సంస్థే నియమించిన న్యాయవాదుల సంస్థ విచారణ నివేదిక 2021 ఫిబ్రవరిలో వెలువడింది. మసాజ్ కేంద్రాల్లో పనిచేసిన స్త్రీల మీద ఏళ్ల తరబడి లైంగిక దుష్ప్రవర్తన జరిగిందని అది తేల్చింది. తాము తప్పుగా నమ్మామని బోర్డు ఒప్పుకుంది. ఆ బోర్డులో ఎవరెవరు ఉన్నారో బయటివాళ్లకు తెలియనిచ్చేవారు కాదు. నియమం ఉంది, ప్రకటన ఉంది, తనిఖీ లేదు. నియమం అంత కఠినంగా వినిపించడమే తనిఖీ అక్కర్లేదనిపించింది.

ఇది విని, అయితే ప్రతి విశ్వాసి మీదా ఒక పెద్దను పెడితే సరిపోతుందనుకోవడం ఇంకో వైపు నుంచి అదే గోతిలో పడటం. 1970లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక సంస్థ నాయకుడి నైతిక పతనం చూసి కలవరపడిన బోధకులు ఒకరికొకరు లెక్క చెప్పుకుంటామని ఒప్పందం చేసుకున్నారు. డెరెక్ ప్రిన్స్, బాబ్ మమ్‌ఫర్డ్, చార్లెస్ సింప్సన్, డాన్ బాషమ్ మొదట నలుగురు, తర్వాత ఎర్న్ బాక్స్‌టర్ చేరి అయిదుగురయ్యారు. ఉద్దేశం మంచిదే. కొన్నేళ్లకే అది ప్రతి శిష్యుడికీ ఒక కాపరి, ఆ కాపరికి పైన ఇంకో కాపరి అన్న నిచ్చెనగా మారింది. పెళ్లి, ఉద్యోగం, ఇల్లు మారడం లాంటి వాటికి కూడా కాపరి అనుమతి, దశమభాగం కాపరికే. 1975లో టీవీ సువార్తికుడు పాట్ రాబర్ట్‌సన్ వంటివారు బహిరంగంగా ఎదిరించారు. 1980ల మధ్యలో ప్రిన్స్ తప్పుకున్నాడు, 1986లో ఆ బృందం విడిపోయింది, 1989లో మమ్‌ఫర్డ్ బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ప్రిన్స్ పుస్తకాలు తెలుగులో దొరుకుతాయి. ఈ కథ మాత్రం అంతగా ఎవరికీ తెలియదు.

అక్కడ తప్పింది దిశ. లెక్క కిందినుంచి పైకే పారింది. శిష్యుడు తన ఇష్టాన్ని వదులుకున్నాడు, కాపరి ఆ ఇష్టాన్ని తన ఇష్టంలో కలుపుకున్నాడు. ఒకరి ఉపేక్ష ఇంకొకరి అధికారానికి మేత అయింది. తెలుగు సంఘాల్లో దీని రూపం ఇంకాస్త ముతకగా ఉంటుంది. భర్త కొడుతున్నాడని వచ్చిన స్త్రీకి సిలువ మోయమని చెప్పి ఇంటికి పంపుతారు. ఆమె సిలువ ఎంత బరువో చెప్పగలవాళ్లు భర్తను పిలిచి ఒక్క మాట అడగరు. యేసు సిలువను ఎవరికి వారే ఎత్తుకోమన్నాడు. ఒకరి పాపాన్ని ఇంకొకరి భుజం మీద పెట్టి దానికి సిలువ అని పేరుపెట్టే హక్కు కాపరికి లేదు. యెషయా 58వ అధ్యాయం ఉపవాసాన్ని తూచేది ఇలాంటి తక్కెడలోనే. ఉపవాసం ఉంటూనే పనివాళ్లను పీడించేవారి ఉపవాసాన్ని దేవుడు చూడడని అందులో ఉంది.

అందరి ముందూ బలవంతంగా ఒప్పుకోలు చేయించి, ఆ వివరాలతో ఏడాదంతా చాటుమాటుగా మాట్లాడుకునే అలవాటును కూడా లెక్క అనలేం. ఇక్కడ లెక్క అడగడాన్ని వ్యతిరేకించేవారి భయం నిజమైనదే. దానికి తగిన పద్ధతి జర్మనీలో ఫింకెన్‌వాల్డె పాస్టర్ల శిక్షణ సెమినరీలో వేదాంతి డీట్రిక్ బాన్‌హోఫర్ 1935 నుంచి 1937లో గెస్టపో మూసేసేదాకా నడిపింది. ప్రభురాత్రి భోజనానికి ముందు విద్యార్థులు తమకు నచ్చిన ఒక సహోదరుడి దగ్గర పాపాలు ఒప్పుకునేవారు. దగ్గరలేని మనిషి గురించి మాట్లాడకూడదన్నది అక్కడి నియమం. సెమినరీ పెద్ద అయిన బాన్‌హోఫర్ తానే ఒక విద్యార్థిని పిలిచి తన ఒప్పుకోలు వినమన్నాడు. ఆ విద్యార్థికి ఇలాంటిది ఏమాత్రం అలవాటు లేదు. గురువు శిష్యుడి ముందు మోకరిల్లగలిగినచోట లెక్క నిచ్చెనగా మారదు.

తప్పుడు ఆరోపణల సంగతి కూడా తేలాలి. కాపరుల మీద కక్షతో పుట్టించే కథలు లేకపోలేదు. ఊళ్లో కులాల మధ్య, సంఘంలో కుటుంబాల మధ్య పగలు అలాంటి కథలకు దారి చేస్తాయి. మొదటి తిమోతి పత్రిక 5వ అధ్యాయం ఇందుకే పెద్ద మీద ఆరోపణను ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే తీసుకోవద్దంటుంది. అయితే తర్వాతి వచనం పాపం చేసినవాణ్ని అందరి ముందు గద్దించమంటుంది. మొదటిది కాపరికి రక్షణ, రెండోది మందకు రక్షణ. ఇద్దరు సాక్షులు కావాలంటే ఆరోపణ వినడానికి ఒక చోటు, వినే మనుషులు ఉండాలి. కాపరి, ఆయన భార్య, ఆయన బావమరిది ముగ్గురే కమిటీ అయినచోట ఆ వాక్యాన్ని పాటించే దారే లేదు.

చివరగా పేతురు. పడిపోయిన సేవకుణ్ని రెండు వారాలు తిరక్కముందే మళ్లీ వేదిక ఎక్కించాలనేవాళ్లు పేతురు పేరే చెబుతారు. మూడుసార్లు బొంకినవాణ్ని యేసు తిరిగి మందను మేపమన్నాడు కదా అంటారు. అన్నాడు. కానీ ఆ బొంకును ఎవరూ కప్పిపుచ్చలేదు, నాలుగు సువార్తల్లోనూ రాసి సంఘాల్లో చదివించారు. తిరిగి నిలబడ్డాక పేతురుకు ప్రశ్నలు ఆగలేదు కూడా. అపొస్తలుల కార్యాలు 11వ అధ్యాయంలో, కొర్నేలి ఇంట్లో సున్నతి లేనివాళ్లతో కలిసి ఎందుకు తిన్నావని యెరూషలేములోని మామూలు విశ్వాసులు ఆయన్ని నిలదీశారు. నేను అపొస్తలుణ్ని, దర్శనం చూశాను, మీరెవరు అని ఆయన అనలేదు. జరిగింది మొదటినుంచి వరసగా చెప్పాడు, వెంట తీసుకెళ్లిన ఆరుగురు సహోదరుల్ని సాక్షులుగా చూపించాడు. ఆ సంగతిలో ఆయనది న్యాయమేనని వాళ్లు ఒప్పుకున్నారు. తర్వాత అంతియొకయలో సరిగ్గా అదే విషయంలో, అన్యులతో కలిసి తినే విషయంలో, ఆయన వెనక్కి తగ్గాడు. అప్పుడు తప్పు ఆయనదే. పౌలు అందరి ముందే ఎదిరించాడు. ఆ గద్దింపు వల్ల పేతురు అపొస్తలత్వం పోలేదు, గలతీ పత్రికలో ఆ సంఘటన రాసి ఉన్నందువల్ల సంఘం ఆయన్ని తక్కువగా చూడనూ లేదు.